ఆ మందు ఇవాళ వద్దు

గేటమ్మను పోయిన వారం మనం ఎమర్జెన్సీ గది గుమ్మంలో, ఒక చేతిలో మొగుడి చెప్పులతో, చంకలో చేతిసంచీతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి లోపలికి వెళదాం. రైలు గేటు వేసి ఎత్తే ఉద్యోగం ఆవిడది. అందుకే పిల్లలకీ పెద్దలకీ ఆవిడ గేటమ్మ. మొగుడు సెలూన్ నడుపుతాడు. ఒక చెంప గీసి రెండో చెంపకు వచ్చేసరికి మొదటి చెంప మీద మళ్లీ గడ్డం మొలుస్తుందని, వచ్చినవాళ్లు ఆయన్ని ఆటపట్టిస్తారు. నెమ్మది అన్న పేరు అలా వచ్చి అలాగే స్థిరపడిపోయింది.

అంత నెమ్మది మనిషికి గుండె మాత్రం మాట వినడం మానేసింది. కొన్నాళ్ల కిందట ఉన్నట్టుండి దడ పట్టుకుంటే, వీధి చివర క్లినిక్‌లో ఒక ఇంజక్షన్‌తో సర్దుకుంది. ఈ పొద్దున అద్దం ముందు తల దువ్వుకుంటూ మళ్లీ కూలబడ్డాడు. లిఫ్టు పని చేయడం లేదు. మరిది అన్నగారిని వీపున వేసుకుని మూడంతస్తులూ దిగి, ఆటోలో పడేసి, ఈ పెద్దాస్పత్రికి తెచ్చాడు. మరిదికి మీసాలొచ్చి, సిటీ బస్సు నడిపే ఉద్యోగమొచ్చి, ఇద్దరు పిల్లలు కూడా వచ్చారు. అయినా ఇంట్లో అందరికీ ఇంకా చిన్నోడే.

లోపల నెమ్మది మంచం మీద ఉన్నాడు. చొక్కా గుండీలు విప్పేసి, ఛాతీ నిండా తీగలు అంటించారు. మొహం సున్నం కొట్టినట్టుంది. కళ్లు తెరిచే ఉన్నాడు గానీ, పిలిస్తే ఊఁ అనడానికి కూడా ఓపిక లేదు. తలవైపు మానిటర్ ఆగకుండా మోగుతోంది. నర్సు ఒక చేతికి సూది పెడుతూ, రెండో చేతికి కట్టిన బీపీ పట్టీ వంక మాటిమాటికీ చూస్తోంది.

డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి మానిటర్‌నే చూస్తోంది. పొట్టి జుట్టు, మోచేతుల దాకా మడిచిన కోటు చేతులు. జలుబు చేసినట్టుంది, ముక్కు ఎగబీలుస్తోంది. తనకే జలుబు తగ్గించుకోలేని మనిషి మా ఆయన్ని ఏం బాగుచేస్తుందని గేటమ్మకు ఒక్క క్షణం అనిపించింది. ఆ తరవాత తన ఆలోచనకు తనే సిగ్గుపడింది.

చిన్నోడు ఆగలేకపోయాడు. "డాక్టరుగారూ, పోయినసారి కూడా అన్నయ్యకు ఇలాగే వచ్చింది. ఒక ఇంజక్షన్ ఇచ్చారు. సూది తీసేలోపు తగ్గిపోయింది. అదే ఇచ్చేయండి."

"ఏ ఇంజక్షనో తెలుసా?" డాక్టరమ్మ తల తిప్పకుండానే అడిగింది.

గేటమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఈ ప్రశ్నకు తన దగ్గర జవాబుంది. మొగుడి చెప్పులు కింద పెట్టి, సంచీలో చెయ్యి పెట్టి, రుమాలులో చుట్టిన చిన్న గాజు సీసా తీసింది. బొటనవేలంత ఉంటుంది. ఖాళీ సీసా.

ఆ సీసా కథ కూడా చెప్పాలి. ఆ రోజు క్లినిక్‌లో నర్సు దాన్ని చెత్తబుట్టలో వేయబోతుంటే, "అది నాకిస్తావా తల్లీ" అని గేటమ్మ చెయ్యి చాపింది. నర్సు నవ్వింది, ఇచ్చింది. ఇచ్చేదాకా ఆవిడ వదిలేలా కూడా లేదు. మరి తను కళ్లారా చూసింది కదా. "ఒక్క క్షణం ప్రాణం పోతున్నట్టు ఉంటుంది, భయపడకండి" అని ముందే చెప్పి, మందు ఒక్క తోపున ఎక్కించి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. మిషన్ మీద పరుగులు పెడుతున్న గీత ఠక్కున చదునైపోయింది. మొగుడి కళ్లు తేలిపోయాయి. ఆ తరవాత గీత ఒకసారి లేచింది. మళ్లీ లేచింది. ఏమీ ఎరగనట్టు నింపాదిగా నడవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచీ ఆ సీసా డ్యూటీ ఉన్నంతసేపూ గేటు పక్క గదిలో, పచ్చ జెండా ఎర్ర జెండా పెట్టుకునే అలమరలో ఉంటుంది, డ్యూటీ దిగగానే మళ్లీ సంచీలోకి చేరుతుంది. డ్యూటీకి రాగానే దాన్ని ఒకసారి చూసుకుని, మనసులోనే దణ్ణం పెట్టుకుని, ఆ తరవాతే మిగతా పని. గేటు దగ్గర ఆగిన పాలవాడికీ, స్కూలు పిల్లల్ని దించే ఆటో అతనికీ, ఎవరు వింటే వాళ్లకు ఆ మందు గొప్ప చెప్పింది. వినకపోయినా చెప్పింది.

"ఇదిగోనమ్మా. ఇదే మందు. మళ్లీ ఎప్పుడైనా అవసరం పడుతుందేమోనని ఇంటికి తెచ్చి, సంచీలో వేసుకున్నాను."

డాక్టరమ్మ సీసా అందుకుని పేరు చదివింది. "అడినోసిన్. మంచి మందు. చాలా మంచి మందు." సీసా తిరిగి ఆవిడ చేతిలో పెట్టేసింది. "ఇవాళ ఇవ్వను."

"మీ దగ్గర లేదా?" చిన్నోడు ముందుకొచ్చాడు. "లేకపోతే చెప్పండి, ఎక్కడున్నా పరుగెత్తి తెస్తాను."

"ఉంది. ఆ సొరుగులోనే ఉంది. కానీ ఇవ్వను."

"ఉంచుకుని ఇవ్వనంటారేంటండీ? మనిషి కళ్లముందు అలా అయిపోతుంటే? అదే మనిషి, అదే గుండె, అదే దడ."

"మనిషీ గుండే అవే. దడ అది కాదు." డాక్టరమ్మ మానిటర్ వైపు చెయ్యి చూపించింది. "ఒక్కసారి చూడండి. పోయినసారి గీతలు ఎలా ఉన్నాయో మీకు గుర్తుందా?"

గేటమ్మకు గుర్తుంది. వేగంగా ఉన్నా, కుట్టుమిషన్ వేసిన కుట్టులాగా అన్నీ ఒకే ఎడంతో, ఒకే తీరున ఉన్నాయి. ఇవాళ్టివి అలా లేవు. ఒకటి లావు, ఒకటి సన్నం. రెండు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే మూడోది వెనక పడింది. పలక మీద పసిపిల్లాడు గీసినట్టున్నాయి.

"ఈ రకం దడకు ఆ మందు పడదు," అంది డాక్టరమ్మ. "పడకపోతే పోనీలే అనుకోవడానికి కూడా లేదు. ఇస్తే ఇంతకన్నా వేగం పెరిగి గుండె కొట్టుకోవడమే మానేయొచ్చు. నేను తెలిసీ ఆ పని చేయలేను."

నర్సు బీపీ చదివింది. ఇందాకటికన్నా పడిపోయింది. డాక్టరమ్మ గొంతు పెరగలేదు గానీ, మాటలు పొట్టివయ్యాయి. "కాసేపు నిద్రపుచ్చి కరెంటు షాక్ ఇస్తాం. గుండెను ఒక్కసారిగా సర్దడానికి. ఇప్పుడే ఇవ్వాలి. మీరు సరేనంటే మొదలుపెడతాను."

"మందు సొరుగులో పెట్టుకుని కరెంటు పెడతారా మా అన్నకు?" చిన్నోడు మంచం కమ్మీ పట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడిపోయాయి. "వదినా, వద్దు. వీళ్లకు తెలియట్లేదు. ఆ క్లినిక్‌కే తీసుకుపోదాం. అక్కడ చిటికెలో తగ్గించారు. నేను మళ్లీ ఎత్తుకుంటాను, నువ్వు తలుపు తీయి చాలు."

అందరూ గేటమ్మ వైపే చూశారు. నర్సు చూసింది. మరిది చూశాడు. మంచం మీది మనిషి కూడా, చూస్తున్నాడో లేదో తెలియని చూపొకటి ఇటు తిప్పాడు.

ఆవిడకు మరిది చెప్పిందే నిజమనిపించింది. ఎందుకనిపించదు? తన మొగుడి ప్రాణం నిలబెట్టిన మందు పేరు తన గుప్పిట్లో ఉంది. మొన్న ప్రాణం పోసింది ఇవాళ ప్రాణం తీస్తుందంటే ఎవరు నమ్ముతారు? వద్దు అనడానికి నోరు తెరిచింది కూడా. తెరిచి, డాక్టరమ్మ మొహం వంక చూసింది.

ఆ మొహం ఆవిడకు తెలిసిన మొహం. ఎక్కడ చూసిందా అనుకుంది. చూసిందేమిటి, అది తన మొహమే.

గేటు దగ్గర రోజూ జరిగేదే. రైలు వెళ్లిపోతుంది. చివరి పెట్టె కూడా దాటిపోతుంది. గేటు ఇంకా వేసే ఉంటుంది. అటూ ఇటూ బళ్లు హారన్లు మొదలుపెడతాయి. "పోయిందిగా, ఎత్తవేంటమ్మా?" అంటారు. "నిద్రపోతున్నావా?" అంటారు. పై అధికారికి చెప్తామంటారు, ఇంకా అనకూడనివి కూడా అంటారు. వాళ్లకు కనిపించింది వెళ్లిపోయిన రైలు ఒక్కటే. అటువైపు నుంచి రెండో పట్టా మీద ఇంకో రైలు వస్తోందని ఫోనులో విన్నది తను ఒక్కతే. విడమరిచి చెప్పే తీరిక ఉండదు. చెప్పినా ఆ హారన్లలో వినపడదు. అప్పుడు తను ఏం చేస్తుంది? చెయ్యి పిడి మీద వేసి, నోరు మూసుకుని, ఎవరి తిట్టూ తనది కానట్టు నిలబడుతుంది. కోపంగా ఉండదు, భయంగా ఉండదు. ఎత్తదు, అంతే. ఆ తరవాత రెండో రైలు ధడధడమంటూ వచ్చి వెళుతుంది. తిట్టినవాళ్లలో ఒక్కడైనా వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

ఈ పిల్ల కూడా అలాగే నిలబడి ఉంది. ముక్కు ఎగబీలుస్తూ, కదలకుండా.

"చిన్నోడా, చెయ్యి తీయి," అంది గేటమ్మ.

"వదినా..."

"తీయమన్నానా." ఆవిడే వెళ్లి వాడి వేళ్లు ఒక్కొక్కటీ కమ్మీ మీంచి విప్పింది. చిన్నప్పుడు వాడి గుప్పిట్లోంచి గోళీలు విప్పినట్టే విప్పింది. "ఇవ్వండమ్మా కరెంటు. మీకు ఏది మంచిదనిపిస్తే అదే చేయండి."

వాళ్లిద్దర్నీ తెర బయటకు పంపారు. ఆకుపచ్చ తెర. దాని అంచు ఒకచోట ఊడి వేలాడుతుంటే గేటమ్మ అదే పట్టుకుని నిలబడింది. అవతల డాక్టరమ్మ ఎవరినో దూరం జరగమంది. మంచం ఒక్కసారి కదిలిన చప్పుడైంది. ఆ తరవాత మానిటర్ మోత ఆగిపోయింది.

చిన్నోడు గోడకు చేరగిలబడిపోయాడు. గేటమ్మ ఏ దేవుణ్ణి తలుచుకోవాలో కూడా తెలియక, గుర్తొచ్చినవాళ్లందర్నీ ఒకేసారి తలుచుకుంది. అంతలో అవతల నుంచి టిక్‌మంది. కాస్త ఆగి మళ్లీ టిక్‌మంది. నింపాదిగా, తొందరేం లేనట్టు, సెలూన్‌లో కత్తెర ఆడించే మనిషి గుండె ఎలా కొట్టుకోవాలో అలా.

గేటమ్మ ఏడ్చింది. ఊరుకోబెట్టేవాళ్లు లేరు, ఎందుకంటే పక్కన ఉన్నవాడు అంతకన్నా గట్టిగా ఏడుస్తున్నాడు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని బయటకొచ్చింది. "లోపలికి రండి. బాగున్నారు. మత్తు దిగడానికి కొంచెం టైం పడుతుంది." ఆ మాట పూర్తికాకముందే గేటమ్మ ఆ తడి చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఏం చెప్పాలో తెలియలేదు. కడుపులో ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"మీరు ఇవ్వనందుకు, తల్లీ. మేం అంత అడిగినా ఇవ్వనందుకు. మీ కడుపు చల్లగుండ."

డాక్టరమ్మ నవ్వింది. "మందు ఇచ్చినందుకు దణ్ణం పెట్టినవాళ్లున్నారు గానీ, ఇవ్వనందుకు పెట్టింది మీరొక్కరే."

చిన్నోడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొహం ఎత్తలేదు. "నోటికొచ్చింది అన్నానండి. మనసులో పెట్టుకోకండి."

"అన్నయ్య కోసమేగా అన్నారు. నాకూ ఒక అన్నయ్య ఉన్నాడు," అంది డాక్టరమ్మ. వాడికి ఆ మాట సరిపోయింది. వెళ్లి అందరికీ టీలు పట్టుకొచ్చాడు. డాక్టరమ్మకు మాత్రం, జలుబని గమనించాడేమో, అల్లం వేయించి తెచ్చాడు. అన్నగారి మంచం పక్కన కుర్చీలో కూర్చుని, చొక్కాలోకి చెయ్యి పెట్టుకుని ఛాతీ రుద్దుకుంటూ, ఆ టిక్ టిక్‌నే వింటూ ఉండిపోయాడు.

గేటమ్మకు మాత్రం ఒకటి తెలుసుకోవాలనుంది. "కోపగించుకోకండి. అదే మందు అప్పుడు అమృతం ఎలా అయింది, ఇప్పుడు విషం ఎలా అయ్యేది?"

డాక్టరమ్మ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మంచం అంచున ఆనుకుంది. "గుండెలో పై గదులుంటాయి, కింది గదులుంటాయి. కొట్టుకోమనే కబురు పైన పుడుతుంది. కిందికి వెళ్లడానికి మధ్యలో ఒకటే దారి. ఆ దారిలో ఒక... ఎలా చెప్పాలి..."

"గేటు," అంది గేటమ్మ.

"గేటే. ఎన్ని కబుర్లు వచ్చినా కాసేపు ఆపి, వరసగా వదులుతుంది. ఆ మందు చేసేదల్లా ఒక్కటే, ఆ గేటును కొన్ని క్షణాలు మూసేస్తుంది. తరవాత దాని పని అయిపోతుంది. మీ వారికి పుట్టుకతోనే గేటు పక్కన ఇంకో సన్న దారి ఉంది. కాపలా లేని దారి."

"ఉంటుంది," అంది గేటమ్మ, అదేదో తన గేటు సంగతే అయినట్టు. "గేటు పక్కన కంచె తెగిన సందొకటి ఎప్పుడూ ఉంటుంది. ఎన్నిసార్లు కట్టించినా తెంపేస్తారు."

"పోయినసారి ఏం జరిగిందంటే, కబురు గేటులోంచి కిందికి దిగి, ఆ సందులోంచి పైకెక్కి, మళ్లీ గేటులోకి. గుండ్రంగా అలా తిరుగుతూనే ఉంది. గేటు ఒక్క క్షణం మూసేసరికి ఆ చుట్టు తెగిపోయింది. దడ ఆగింది. అందుకే చిటికెలో తగ్గింది."

"మరి ఇవాళ?"

"ఇవాళ పై గదులే అదుపు తప్పాయి. లోపల తోపులాట. ఒకటి కాదు, వందల కబుర్లు కిందికి దూకుతున్నాయి. కొన్ని గేటులోంచి, కొన్ని సందులోంచి. అప్పుడు మనం వెళ్లి గేటు మూశామనుకోండి..."

గేటమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఇంక డాక్టరమ్మ చెప్పక్కర్లేదు. గేటు వేసి ఎక్కువసేపు ఉంచితే స్కూటర్లూ సైకిళ్లూ సందులోకి ఎలా ఎగబడతాయో, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ పట్టాల మీదికి ఎలా వచ్చిపడతారో రోజూ చూసేది ఆవిడే. "అందరూ సందులోంచే పడేవాళ్లు," అంది నెమ్మదిగా. "ఆపేవాడు లేని దారిన."

"అంతే. కింది గదులు ఆ తాకిడికి తట్టుకోలేవు. కొట్టుకోవడం పోయి వణకడం మొదలవుతుంది."

"ఇంకా రకాలున్నాయా ఈ దడల్లో?"

"బోలెడు. ఒకటి పై గదుల్లోనే గిర్రున తిరుగుతూ ఉంటుంది. దానికి ఈ మందిస్తే ఆగదు. కాకపోతే గేటు మూసుకున్న ఆ కాసేపూ కిందికి కబుర్లు తగ్గి, పైన ఏం జరుగుతోందో మాకు స్పష్టంగా కనిపిస్తుంది. మందు దిగగానే మళ్లీ అదే తిరుగుడు. ఇంకోటి కింది గదుల్లోనే పుడుతుంది. గేటు దాటాక మొదలైన గొడవకు గేటు మూస్తే ఏం, తెరిస్తే ఏం? చాలాసార్లు అది మందును అసలు పట్టించుకోదు."

"ఒక్క మందు ఎన్ని వేషాలు వేస్తుందమ్మా," అని గేటమ్మ బుగ్గ నొక్కుకుంది.

"వేషాలు దడవి. మందు పాపం ఎప్పుడూ ఒకే పని చేస్తుంది."

ఆ సన్న దారిని కాలి నరంలోంచి తీగ పంపి, ఉన్నచోటే మాడ్చేయొచ్చనీ, చాలామందికి దాంతో ఈ బెడద శాశ్వతంగా పోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. కోత ఉండదు, కుట్లుండవు. గేటమ్మకు ఆ మాటతో కడుపు నిండిపోయింది. ఆయన మళ్లీ సెలూన్ తీస్తాడు. మళ్లీ ఒక్క చెంప గీసేలోపు రేడియోలో రెండు పాటలు వింటాడు. వచ్చినవాళ్లు మళ్లీ విసుక్కుంటారు. ఇంతకన్నా ఏం కావాలి? తెర అంచు ఊడిన ఈ గది మీద, అల్లం టీ మీద, సూది పెట్టిన నర్సు మీద, అన్నిటి మీదా ఆవిడకు ప్రేమ పొంగుకొచ్చింది.

"ఒక్కటి చెప్పండి," అంది డాక్టరమ్మ గ్లాసు పక్కన పెడుతూ. "ఆ క్లినిక్‌లో మాత్రలేమైనా ఇచ్చారా?"

"ఇచ్చారు. దడ తగ్గడానికని."

"అవి కూడా గేటును నెమ్మదింపజేసేవే అయ్యుంటాయి. ఆ రోజు ఈసీజీలో ఆ సన్న దారి కనపడలేదేమో, ఒక్కోసారి దాక్కుంటుంది. ఇంక ఒక్క మాత్ర కూడా వేయొద్దు. ఇంకో సంగతి. ఇది చాలా ఇళ్లలో ఒక్కరితోనే ఆగిపోతుంది. అరుదుగా కొన్ని ఇళ్లలో రక్తసంబంధీకులకూ ఉంటుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా దడ వస్తుందా?"

ఇదిగో, మనం ఇన్ని వారాలూ చెప్పుకోని సంగతి ఇక్కడే ఉంది. చెప్పుకోకపోవడానికి కారణం, గేటమ్మ మనకు కూడా చెప్పలేదు. ఒట్టు వేసింది కాబట్టి చెప్పలేదు.

చిన్నోడికి దడ ఉంది. బస్సు ఉద్యోగానికి ముందు నుంచే ఉంది. వస్తుంది, కాసేపు ఉంటుంది, పోతుంది. డిపోలో తెలిస్తే స్టీరింగ్ దగ్గరికి రానివ్వరని, పెళ్లానికి కూడా చెప్పకుండా వదిన ఒక్కదానికే చెప్పుకున్నాడు. గేటమ్మ కాపురానికి వచ్చేనాటికి వాడు లాగూ జారిపోతుంటే పట్టుకుని తిరిగే పిల్లాడు. తల దువ్వింది, బడికి పంపింది, ఒళ్లు కాలితే పక్కన కూర్చుంది. వాడూ ఆ రుణం ఉంచుకోలేదు. ఆవిడ జ్వరంతో నెలల తరబడి లేవలేనప్పుడు, రోజంతా బస్సు తోలి వచ్చి, ఇల్లు తుడిచి, గంజి కాచి తాగించాడు. అలాంటివాడు దడతో బాధపడుతుంటే ఆవిడ చూస్తూ ఊరుకుంటుందా? మొగుడికి పనిచేసిన మాత్రలు మరిదికి మాత్రం పనిచేయవా అనుకుంది. మాత్రల అట్ట సగం విరిచి వాడికిచ్చింది. వాడికి తగ్గింది కూడా. ఇద్దరూ ఎంత మురిసిపోయారని.

గేటమ్మ తల తిప్పి చూసింది. మరిది ఆవిడనే చూస్తున్నాడు. ఛాతీ మీద నుంచి చెయ్యి తీసేశాడు. కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపాడు. వద్దు వదినా.

"ఎవరూ లేరండి," అని వాడే అనేసి లేచాడు. "వదినా, బండి తీసే టైమైంది. డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వస్తాను."

వాడు గుమ్మం దాకా వెళ్లాడు. ఇవాళ మూడంతస్తులు అన్నను మోసిన వీపు అది. చొక్కా ఇంకా చెమటతో అంటుకునే ఉంది. వాడికి తను చేయగలిగిన మేలు నోరు మూసుకోవడమే అయితే, గేటమ్మ జన్మంతా మూసుకునేది.

"ఉన్నారమ్మా," అంది. "మా మరిదికి ఉంది. ఎన్నేళ్ల నుంచో ఉంది. మా ఆయన మాత్రలే నేను ఇచ్చాను. నిన్న కూడా వేసుకున్నాడు. ఇప్పుడు బస్సు తోలడానికి వెళుతున్నాడు."

చిన్నోడు గుమ్మంలో ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. బడి మొదటిరోజు వదిలేసి వస్తుంటే చూసిన చూపు అది.

"ఈ మాటతో నా స్టీరింగ్ పోయింది వదినా."

"పోతే పోనీ. నువ్వుండు. నువ్వుంటే చాలు నాకు."

"మీరొచ్చి ఈ మంచం మీద పడుకోండి," అంది డాక్టరమ్మ పక్క మంచం దుప్పటి సర్దుతూ. "ఈసీజీ తీస్తాను. ఏమీ ఉండకపోవచ్చు. ఉన్నా, అన్నయ్యకు చేసేదే మీకూ చేస్తాం, తరవాత స్టీరింగ్ సంగతి చూద్దాం. మీ నాన్నగారు ఉన్నారా? ఆయనకేమైనా గుండె జబ్బు?"

"నాన్నకు ఏ జబ్బూ లేదండి," అన్నాడు చిన్నోడు. గుమ్మం దాటనూలేదు, మంచం దగ్గరికి రానూలేదు. "ఇళ్లకు రంగులు వేసేవాడు. నా చిన్నప్పుడు పరంజా మీంచి కాలు జారి పడి పోయాడు. అంతే."

"జారలేదురా."

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. నెమ్మది కళ్లు తెరిచి పైకప్పు వంక చూస్తున్నాడు. ఎప్పుడు మెలకువొచ్చిందో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఎవరికీ తెలియదు. పెదవులు తడుపుకుని, తన అలవాటు ప్రకారం ఒక్కొక్క మాటా తీరిగ్గా వెతుక్కుంటూ అన్నాడు.

"నాన్న కాలు జారలేదు, చిన్నోడా. ఆ రోజు పరంజా మీద ఆయన పక్కన నేనూ ఉన్నాను."